చంద్రగ్రహణాల 18 ఏళ్ల చక్రం: అపోహలు - వాస్తవాలు

2025 సెప్టెంబరు 7, ఆదివారం రాత్రి ఏర్పడిన సంపూర్ణ చంద్రగ్రహణం స్పర్శ నుంచి మోక్షం దాకా తెలుగు నేల మీద చంద్రుడు ఆకాశంలో ఉన్న వేళలోనే నడిచింది. ఇలాంటి గ్రహణం వచ్చిన ప్రతిసారీ 18 ఏళ్ల చక్రం ప్రస్తావన వస్తుంది, దాని చుట్టూ రకరకాల మాటలు పుడతాయి. ఆ చక్రం నిజమైనదే. దానికి సారోస్ అని పేరు. ఒక చంద్రగ్రహణం జరిగిన తరువాత 6585 రోజుల మీద సుమారు 8 గంటలు గడిస్తే, అంటే 18 సంవత్సరాల 11 రోజులకు (మధ్యలో అయిదు లీపు సంవత్సరాలు పడితే 10 రోజులకు) దాదాపు అలాంటి గ్రహణమే మళ్లీ వస్తుంది. అయితే ఈ వాక్యంలోని 'దాదాపు' అన్న మాటను వదిలేయడం వల్లనే నేను వినే అపోహల్లో సగం పుడుతున్నాయి. గ్రహణ కాలాలు లెక్కగట్టడం, ఆ రాత్రుల్లో టెలిస్కోపు పక్కన నిలబడి ప్రశ్నలకు జవాబులు చెప్పడం నా పని కాబట్టి, తరచూ ఎదురయ్యే వాటినే ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: 18 ఏళ్లకొకసారి అదే గ్రహణం మన ఊళ్లో అదే వేళకు కనిపిస్తుంది.

వాస్తవం: ఆ 'సుమారు 8 గంటలు' ఇందుకు అడ్డుపడుతుంది. ఆ సమయంలో భూమి మూడో వంతు తిరిగిపోతుంది కనుక, తరువాతి గ్రహణాన్ని నడిరాత్రి చూసే భాగ్యం మనకు పడమరగా సుమారు 120 డిగ్రీల రేఖాంశం దూరంలో ఉన్నవారికి దక్కుతుంది. ఒక్కో సారోస్ ఎడంతో ఒకదాని తరువాత ఒకటి వచ్చే గ్రహణాల వరుసను ఒక శ్రేణి అంటారు, ఒక్కో శ్రేణికి ఒక సంఖ్య ఉంటుంది. 2025 నాటి గ్రహణం వాటిలో 128వ దానికి చెందింది. ఆ శ్రేణిలోని గ్రహణాల మధ్యకాలాలను మన గడియారంలోకి మార్చి చూస్తే సంగతి తేటపడుతుంది. 1971లో ఆగస్టు 6 రాత్రి గడిచి 7వ తేదీ వేకువకు ముందు 1 గంట 13 నిమిషాలకు మధ్యకాలం వచ్చింది, మనకు చక్కగా కనిపించే వేళ అది. 1989 ఆగస్టు 17న అది ఉదయం 8 గంటల 38 నిమిషాలకు వచ్చింది, అప్పటికి మన చంద్రుడు అస్తమించాడు. 2007 ఆగస్టు 28న సాయంత్రం 4 గంటల 7 నిమిషాలకు వచ్చింది, హైదరాబాదులో చంద్రోదయమయ్యేసరికి ముదురు నీడ అతడిని వదిలేసింది. మళ్లీ 2025లో రాత్రి 11 గంటల 41 నిమిషాలకు వచ్చింది.

మూడు చక్రాలు కలిస్తే 8 గంటలు మూడుసార్లు చేరి దాదాపు ఒక పూర్తి రోజవుతుంది. అందువల్ల 54 సంవత్సరాల ఒక నెలకు గ్రహణం మళ్లీ ఇంచుమించు అదే రేఖాంశాల మీదికి వస్తుంది. 1971లో చూసినవారి ఇంట్లో మనవలు 2025లో చూసింది అదే శ్రేణి గ్రహణాన్ని. 2043 సెప్టెంబరు 19న మనకు తెల్లవారుజామున స్పర్శ మాత్రం కనిపిస్తుంది, గ్రహణం సంపూర్ణం కాకముందే చంద్రుడు అస్తమిస్తాడు. 2061 నాటిది పట్టపగలు జరుగుతుంది. ఈ శ్రేణిలో మనం మళ్లీ పూర్తిగా చూడగలిగేది 2079 అక్టోబరు 10 రాత్రి గ్రహణమే.

ఈ 8 గంటల చిక్కు ప్రాచీన గ్రీకులకు బాగా తెలుసు. 1901లో గ్రీసు దగ్గర ఆంటికిథెరా దీవి సముద్రంలోంచి బయటికి తీసిన కంచు యంత్రం వెనుక భాగంలో 223 గడులున్న సర్పిలాకారపు చక్రం ఉంది, ఒక్కో గడి ఒక్కో చాంద్రమాసం. దాని లోపలి చిన్న చక్రం మూడు భాగాలుగా ఉండి, లెక్కకు ఏమీ కలపనక్కర లేదా, 8 గంటలు కలపాలా, 16 గంటలు కలపాలా అన్నది చూపిస్తుంది.

అపోహ: సారోస్ అంటే రాహువు ఒక చుట్టు తిరిగి రావడమే.

వాస్తవం: మనవాళ్లలో ఈ పొరపాటు సహజం. రాహువు రాశికి ఏడాదిన్నర చొప్పున 12 రాశులకు 18 ఏళ్లు తీసుకుంటాడని పంచాంగం చూసే ప్రతి ఇంట్లోనూ తెలుసు, దశల లెక్కలో రాహు మహాదశ కూడా 18 ఏళ్లే. కానీ చంద్రుడి దారి సూర్యుడి దారిని ఖండించే బిందువుకే రాహువని పేరు కాబట్టి, ఆ బిందువు చుట్టును కచ్చితంగా కొలిస్తే 18 కాదు, సుమారు 18.6 సంవత్సరాలు వస్తుంది. సారోస్ ముగిసేనాటికి రాహువు చుట్టు పూర్తికావడానికి ఇంకా ఏడు నెలలు మిగిలే ఉంటుంది.

అయినా గ్రహణం ఎలా పడుతుందంటే, అందుకు రాహువు పాత చోటికి రానక్కరలేదు, సూర్యుడూ రాహు కేతువులూ పౌర్ణమి నాటికి మళ్లీ కలుసుకుంటే చాలు. ఒక సారోస్ కాలంలో సూర్యుడు 18 చుట్లు పూర్తిచేసి దాదాపు 11 డిగ్రీలు ముందుకు పోతాడు. వెనక్కి నడిచే రాహువు తన చుట్టుకు దాదాపు 11 డిగ్రీల దూరంలో ఆగుతాడు. వెనక్కి నడిచేవాడికి తక్కువైన ఆ 11 డిగ్రీలు, ముందుకు నడిచేవాడికి ఎక్కువైన 11 డిగ్రీలు ఒకే చోట పడతాయి. అక్కడే గ్రహణం.

ఇది ఎవరైనా పంచాంగం తెరిచి సరిచూసుకోదగిన విషయం. 11 డిగ్రీలంటే ఒక నక్షత్రం నిడివి కన్నా కాస్త తక్కువ కాబట్టి, ప్రతి సారోస్‌కు గ్రహణం రమారమి ఒక నక్షత్రం ముందుకు జరగాలి. 128వ శ్రేణిలో గ్రహణ మధ్యకాలం 1971లో శ్రవణంలో, 1989లో ధనిష్ఠలో, 2007లో శతభిషంలో, 2025లో పూర్వాభాద్రలో పడింది. నాలుగూ రాహుగ్రస్తాలే, అంటే కేతువు దగ్గర కాక రాహువు దగ్గర పడినవే. మొదటి మూడూ శ్రావణ పూర్ణిమ నాడు వచ్చాయి, నాలుగోది భాద్రపదానికి జారింది. జన్మనక్షత్రం మీద గ్రహణం పడిందని కలత చెందేవారికి నేను చూపించేది ఈ వరుసనే.

దీని వెనుక ఉన్న లెక్క చిన్నది. పౌర్ణమి నుంచి పౌర్ణమికి 29.53059 రోజులు, అలాంటివి 223 కలిపితే 6585.32 రోజులు. రాహువు దగ్గర బయలుదేరిన చంద్రుడు మళ్లీ రాహువును చేరడానికి 27.21222 రోజులు, అలాంటివి 242 కలిపితే 6585.36 రోజులు. చంద్రుడు భూమికి అతి దగ్గరగా వచ్చి మళ్లీ అంత దగ్గరగా రావడానికి 27.55455 రోజులు, అలాంటివి 239 కలిపితే 6585.54 రోజులు. ఒకదానితో ఒకటి పొంతన లేని మూడు కాలాలు ఇంత దగ్గరగా కలవడం ప్రకృతిలో కేవలం కాకతాళీయం. మూడోది కూడా కలవడం వల్ల చంద్రుడి దూరం, వేగం, ఆకాశంలో కనిపించే పరిమాణం దాదాపు మునుపటిలాగే ఉంటాయి, అందుకే ఒక శ్రేణిలోని గ్రహణాలకు అన్నదమ్ముల పోలిక ఉంటుంది.

అపోహ: ఈ చక్రం వల్ల చంద్రగ్రహణం 18 ఏళ్లకొకసారే వస్తుంది, కాబట్టి ప్రతిదీ అరుదైనదే.

వాస్తవం: ఏ కాలంలోనైనా సుమారు 40 శ్రేణులు ఏకకాలంలో నడుస్తూ ఉంటాయి. మట్టి పలకల మీద గ్రహణాలను నమోదు చేసిన బాబిలోనియన్లు 223 చాంద్రమాసాల్లో గ్రహణానికి అవకాశమున్న పౌర్ణములు 38 అని గుర్తించి, వాటిని ఆరేసి నెలల, అయిదేసి నెలల ఎడంతో పట్టికలుగా పేర్చారు. 33 ఎడాలు ఆరు నెలలవి, 5 ఎడాలు అయిదు నెలలవి. కూడితే సరిగ్గా 223. టెలివిజన్‌లో 'నూట యాభై ఏళ్లకొకసారి' అని వినిపించే మాటలు తరచుగా క్యాలెండరు నెలలో రెండో పౌర్ణమి, చంద్రుడి దగ్గరితనం వంటి సంబంధం లేని షరతులను ఒకదాని మీద ఒకటి పేర్చడం వల్ల పుట్టేవి. 2018 జనవరి 31 నాటి గ్రహణం గురించి అలాంటి హడావుడి చాలా జరిగింది. దాని శ్రేణిలో అంతకుముందు 1982 జనవరి 9న, 2000 జనవరి 21న సంపూర్ణ గ్రహణాలు వచ్చాయి, 2036 ఫిబ్రవరి 11న మరొకటి రానుంది.

అపోహ: ఒక శ్రేణిలోని గ్రహణాలన్నీ ఒకేలా ఉంటాయి, ఆ శ్రేణి అనంతంగా సాగుతుంది.

వాస్తవం: పైన చెప్పిన 6585.32కూ 6585.36కూ నడుమ 52 నిమిషాల తేడా ఉంది. ఆ తేడా వల్ల ప్రతి సారోస్‌కు పౌర్ణమి చంద్రుడు రాహువుకు అర డిగ్రీ మేర వెనుకబడతాడు. ఒకటి రెండు తరాల్లో ఇది కంటికి ఆనదు, శతాబ్దాల మీద మాత్రం శ్రేణి జాతకాన్నే రాస్తుంది. 128వ శ్రేణి 1304 జూన్ 18న పుట్టింది. ఆనాడు చంద్రుడు భూమి పలుచని నీడను ఉత్తరపు అంచున ఊరకే తాకి వెళ్లాడు, చూసినవారికి ఏ మార్పూ తెలిసి ఉండదు. తరువాత ప్రతి 18 ఏళ్లకూ కొద్దికొద్దిగా దక్షిణానికి దిగుతూ, ముదురు నీడను అందుకుని పాక్షిక గ్రహణాలుగా ఎదిగి, 1845లో మొదటిసారి సంపూర్ణమైంది. 1953 జులై 26న చంద్రుడు నీడ నడిమధ్య గుండా పోయినప్పుడు సంపూర్ణ దశ 100 నిమిషాలు దాటింది. అక్కడి నుంచి తరుగుదల మొదలైంది. 2007లో 90 నిమిషాలు, 2025లో 82 నిమిషాలు, 2043లో 72 నిమిషాలు. చివరి సంపూర్ణ గ్రహణం 2097లో వస్తుంది. ఆపైన పాక్షికాలుగా, పలుచని నీడలుగా క్షీణించి 2566 ఆగస్టు 2న 71వ గ్రహణంతో ఈ శ్రేణి ముగుస్తుంది. అంటే 1262 ఏళ్ల ఆయుష్షు. మొత్తం 71లో సంపూర్ణమైనవి 15.

శ్రేణులు ఇలా ఎదగడం మన కళ్ల ముందే జరిగిన సందర్భం ఒకటుంది. 2014 ఏప్రిల్ నుంచి 2015 సెప్టెంబరు వరకు వరుసగా నాలుగు సంపూర్ణ చంద్రగ్రహణాలు వచ్చాయి, వాటిని అరిష్ట సూచనగా ప్రచారం చేసినవారు పాశ్చాత్య దేశాల్లో చాలామందే ఉన్నారు. ఆ నాలుగూ నాలుగు వేర్వేరు శ్రేణులవి: 122, 127, 132, 137. ఒక సారోస్ వెనక్కి వెళ్లి 1996, 1997 సంవత్సరాలు చూస్తే ఆ నాలుగు శ్రేణులూ అక్కడ ఉన్నాయి గానీ నాలుగు సంపూర్ణ గ్రహణాలు లేవు. 1997 మార్చి 24న 132వ శ్రేణి గ్రహణం చంద్రుడి వ్యాసంలో 92 శాతం దగ్గరే ఆగిపోయింది. 2015 ఏప్రిల్ 4న అదే శ్రేణి అయిదు నిమిషాలకు మించని సంపూర్ణ దశతో గట్టెక్కింది, దాంతో వరుస పూర్తయింది. 2033 ఏప్రిల్ 14న అది దాదాపు 49 నిమిషాలకు పెరుగుతుంది, కాబట్టి 2032-33లో నాలుగింటి వరుస మళ్లీ వస్తుంది. ఈ శతాబ్దంలో ఇలాంటి వరుసలు ఎనిమిది ఉన్నాయి. 1582 తరువాత 1908 వరకు ఒక్కటీ లేదు. అరిష్టాలను ఈ వరుసలతో ముడిపెట్టేవారు ఆ మూడు శతాబ్దాలు ఎంత ప్రశాంతంగా గడిచాయో కూడా చెప్పవలసి ఉంటుంది.

అపోహ: నేటికీ గ్రహణాలను ఈ 18 ఏళ్ల సూత్రంతోనే ముందుగా చెబుతారు, మన సిద్ధాంతులూ అలాగే చేసేవారు.

వాస్తవం: రెండూ కావు. గ్రహణం అసలు ఎందుకు పడుతుందో తెలియకపోయినా పాత నమోదుల వరుసను బట్టి తరువాతి దాన్ని ఊహించగలగడమే సారోస్ గొప్పతనం, బాబిలోనియన్లు దాన్ని వాడింది అలాగే. భారతీయ సిద్ధాంత గణితం దారి వేరు. చంద్రుడిని కప్పేది భూమి నీడేనని 499 నాటి ఆర్యభటీయం స్పష్టంగా చెప్పింది. ఆ సంప్రదాయంలో సూర్యుడు, చంద్రుడు, రాహువు ఆ పౌర్ణమి నాటికి ఎక్కడ ఉంటారో కట్టి, నీడ వ్యాసమూ చంద్రుడి శరమూ (సూర్యుడి దారికి చంద్రుడు ఎంత ఎడంగా ఉన్నాడన్నది) తీసి, స్పర్శ మధ్య మోక్ష కాలాలను ఏ గ్రహణానికి ఆ గ్రహణంగా సాధిస్తారు. ఇప్పటి కంప్యూటరు గణన సూక్ష్మతలో ఎంతో ముందున్నా పద్ధతి స్వభావం అదే. 2043 నాటి గ్రహణాన్ని లెక్కగట్టడానికి నాకు 2025 నాటిది అవసరం లేదు. సారోస్ సంఖ్యలు ఇవాళ గ్రహణాలను వంశాలుగా వర్గీకరించడానికి, చేసిన లెక్కను ఒక చూపులో సరిచూసుకోవడానికి పనికొస్తాయి, అంతవరకే.

అపోహ: చంద్రుడు ఎంత ఎర్రగా మారతాడో కూడా పాత గ్రహణాన్ని చూసి చెప్పవచ్చు.

వాస్తవం: రంగు సారోస్ చేతిలో లేదు. నీడలోకి చేరే ఆ ఎర్రని వెలుగు మన వాతావరణం గుండా వంగి వెళ్లేది కనుక, ఆ రోజుల్లో పైపొరల్లో ఎంత ధూళి ఉందో దాన్ని బట్టి చంద్రుడు రాగి రంగులోనైనా కనిపించవచ్చు, దాదాపు మాయమైపోనూ వచ్చు. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం బద్దలైన తరువాత, 1992 డిసెంబరు 9-10 నాటి సంపూర్ణ గ్రహణంలో చంద్రుడు అసాధారణంగా నల్లబడ్డాడు. అది 125వ శ్రేణి గ్రహణం. అదే శ్రేణిలో 2010 డిసెంబరు 21న వచ్చింది, మనకు పగలు కావడంతో కనిపించలేదు, చూసిన దేశాల్లో మాత్రం అంత చీకటి లేదు. దాని తరువాతిది 2028 డిసెంబరు 31న. అది భారతదేశమంతటా కనిపిస్తుంది, మధ్యకాలం రాత్రి 10 గంటల 22 నిమిషాల ప్రాంతంలో వస్తుంది, సంపూర్ణ దశ సుమారు 71 నిమిషాలు ఉంటుంది. అంతవరకు ఇప్పుడే చెప్పవచ్చు, రంగు సంగతి ఆ రాత్రే తెలుస్తుంది.