ఖైదీ ఖాతాలోంచి కోర్టు ఫీజు: 1996 ఏప్రిల్‌లో మారిందేమిటి?

అమెరికా కౌంటీ జైళ్లలో ఉన్న విచారణ ఖైదీలు వేసే పౌరహక్కుల దావాలను, ఫీజు కట్టలేదనో జైలులోని తమ ఖాతా వివరాలు జతపరచలేదనో ఫెడరల్ కోర్టులు కొట్టివేయడం మళ్లీ వివాదమైంది. ఖైదీకి దావా వేసే హక్కు ఎలా వచ్చిందన్నది వేరే కథ. ఆ హక్కుకు వెల కట్టిన రోజు గురించే ఇప్పుడు చెప్పుకోవాలి.

1996 ఏప్రిల్ 26న అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసింది ఒక బడ్జెట్ బిల్లు మీద. ఖైదీల వ్యాజ్యాల సంస్కరణ చట్టం అందులో భాగంగానే వచ్చింది. పసలేని దావాలతో కోర్టులు నిండిపోతున్నాయని, వాటికి జవాబిచ్చే ఖర్చు ప్రజలదని రాష్ట్రాల అటార్నీ జనరళ్లు వాదించారు. వారు తరచూ చూపిన ఉదాహరణ, కోరిన రకం పీనట్ బటర్ ఇవ్వలేదని ఒక ఖైదీ కోర్టుకెక్కాడన్నది. రెండో సర్క్యూట్ (కొన్ని రాష్ట్రాలకు కలిపి ఉండే ఫెడరల్ కోర్టు పరిధి) అప్పీళ్ల కోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ న్యూమన్ ఆ రికార్డు తెప్పించి చూస్తే తేలింది వేరు: క్యాంటీన్ తప్పు రకం డబ్బా పంపింది, దాన్ని వెనక్కి తీసుకున్నారు, బదులు డబ్బా అందేలోపే అతన్ని మరో జైలుకు మార్చారు, ఖాతాలో కోసుకున్న రెండున్నర డాలర్లు మాత్రం తిరిగి రాలేదు. అతను అడిగింది ఆ డబ్బు. న్యూమన్ ఈ సంగతి ప్రచురించినా అది నవ్వించే కథ వెళ్లినంత దూరం వెళ్లలేదు.

కొత్త చట్టం ప్రకారం, ఎంత పేద ఖైదీ అయినా ఫీజు పూర్తిగా కట్టవలసిందే. వాయిదాలు మాత్రం ఇస్తారు. ఆరు నెలల ఖాతా పత్రాన్ని జైలు ధ్రువీకరణతో సమర్పించాలి, నెలవారీ సగటు జమ, సగటు నిల్వలలో ఏది ఎక్కువైతే దానిలో 20 శాతం ముందు కట్టాలి, ఆ తర్వాత నిల్వ 10 డాలర్లు దాటినప్పుడల్లా అంతకుముందు నెల రాబడిలో 20 శాతం కోస్తారు. నేటి ఫీజు 350 డాలర్లు. దావాను మొదటి పరిశీలనలోనే కొట్టివేసినా కోత ఆగదు. చేతిలో చిల్లిగవ్వ లేదన్న కారణంతో ఎవరినీ ఆపకూడదని చట్టంలోనే ఉంది, కానీ జైలు గుమాస్తా సంతకం చేయాల్సిన ఆ పత్రం గడువులోగా చేరకపోతే ఆ వాక్యం అక్కరకు రాదు.

1995లో 41 వేలు దాటిన ఖైదీల పౌరహక్కుల దావాలు 2000 నాటికి 26 వేల లోపుకు పడిపోయాయి. ఆ కాలంలో ఖైదీల సంఖ్య మాత్రం పెరిగింది. పసలేనివే తగ్గాయని చట్టం సమర్థకుల మాట.

సుప్రీంకోర్టు తర్వాతి తీర్పులు పట్టును బిగించాయి. ఒకే ఖైదీకి అనేక కేసులుంటే ఒక్కోదానికి విడివిడిగా 20 శాతం కోయవచ్చని 2016లో బ్రూస్ కేసులో తేల్చింది. అంటే ఐదు కేసులుంటే నెల రాబడి మొత్తం పోతుంది. పసలేదనో, చట్టపరమైన కారణం చూపలేదనో మూడు దావాలు కొట్టివేయబడ్డవారు, తీవ్రమైన శారీరక హాని ముంచుకొస్తే తప్ప, ఫీజు మొత్తం ముందే కట్టాలి. లోపం సరిదిద్ది మళ్లీ వేసుకోవచ్చంటూ కొట్టివేసినదీ ఆ మూడింటి లెక్కలోకే వస్తుందని 2020లో లోమాక్స్ కేసులో చెప్పింది.

నేటి తగవుకు మూలం చట్టంలోని ‘ఖైదీ’ నిర్వచనంలో ఉంది. నేరారోపణపై నిర్బంధంలో ఉన్నవారు శిక్ష పడకపోయినా దాని కిందికి వస్తారు. వలస చట్టం కింద మాత్రమే పట్టుబడ్డవారు రారని తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2002లో తీర్పునిచ్చింది. ఆ సర్క్యూట్ పరిధిలో, ఒకే కౌంటీ జైలులో పక్కపక్కన ఉన్న ఇద్దరిలో దొంగతనం ఆరోపణపై బెయిలు సొమ్ము లేక ఆగిపోయినవాడి ఖాతాకు కోత పడుతుంది, దేశ బహిష్కరణ విచారణ కోసం ఎదురుచూస్తున్నవాడికి పడదు.