అరవై మంది సెక్షన్‌లో రచన నేర్పడం: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల డిగ్రీ కళాశాలల్లో ఇంగ్లీషులో గాని, తెలుగులో గాని వ్యాసరచన నేర్పే మాబోటి అధ్యాపకులకు తరచుగా వినిపించే అభిప్రాయాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఎక్కువ నష్టం చేస్తున్నవి మొదటి రెండూ.

అపోహ: పాఠం బాగా చెప్పగలిగినవారికి ఇరవై మందైనా అరవై మందైనా ఒకటే.

వాస్తవం: ఉపన్యాసం వరకు ఈ మాటలో కొంత నిజముంది. రచన మాత్రం వింటే వచ్చేది కాదు. విద్యార్థి రాసినదాన్ని ఒకరు శ్రద్ధగా చదివి, అర్థం ఎక్కడ తెగిపోయిందో చూపి, మళ్లీ రాయించినప్పుడే అది పట్టుబడుతుంది. పలాస జీడి పరిశ్రమ గురించి ఒక పేరా రాయమంటే, జీడిపప్పు వల్ల ఊరికి పేరు వచ్చిందని మొదలుపెట్టి, మరుసటి వాక్యంలోనే రైతులు నష్టపోతున్నారని ముగించేవారు ఎందరో. ఆ రెండింటికీ నడుమ ఉండవలసిన కారణం వారికి తెలియక కాదు. జీడి పిక్కల ధరను ఎవరు నిర్ణయిస్తారని అడిగితే నోటితో చక్కగా చెబుతారు. అయితే ఆ ప్రశ్నను ఆ పేరా పక్కనే, ఆ విద్యార్థికే వేయాలి. ఇంట్లో సవర మాట్లాడే సీతంపేట విద్యార్థి, ఒడియా మాట్లాడే ఇచ్ఛాపురం విద్యార్థి ఒకే తప్పు రాసినా కారణాలు వేరుగా ఉండవచ్చు. పక్కన కూర్చుని మాట్లాడితే తప్ప అవి బయటపడవు.

అపోహ: దిద్దడం ఇంటి దగ్గర చేసుకునే పని, దానికీ తరగతి సంఖ్యకూ సంబంధం లేదు.

వాస్తవం: ఒక్కో వ్యాసం చదివి, పనికొచ్చే వ్యాఖ్య రాయడానికి పదిహేను నిమిషాలు అనుకుందాం. 20 మందికి 5 గంటలు, 60 మందికి 15 గంటలు, అలాంటి నాలుగు సెక్షన్లకు 60 గంటలు పడుతుంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 40 గంటల పనిలో 16 గంటలు ప్రత్యక్ష బోధన. మిగిలిన 24 గంటలూ దిద్దడానికే వెచ్చించినా ఒక్క విడత పూర్తయ్యేసరికి రెండున్నర వారాలు గడుస్తాయి, అప్పటికి విద్యార్థి తాను ఏం రాశాడో మరిచిపోతాడు. పేజీ చివర టిక్కు, సంతకం మాత్రమే మిగలడానికి కారణం అధ్యాపకుల బద్ధకం కాదని ఈ లెక్కే చెబుతుంది. అమెరికాలో కాన్ఫరెన్స్ ఆన్ కాలేజ్ కంపోజిషన్ అండ్ కమ్యూనికేషన్ అనే అధ్యాపక సంఘం, రచనా తరగతిలో 20 మందికి మించరాదనీ, 15 మంది ఉంటే మేలనీ, ఒక అధ్యాపకుడికి సెమిస్టరుకు మొత్తం 60 మంది రచనా విద్యార్థులే ఉండాలనీ సిఫారసు చేసింది. అంటే అక్కడ ఒకరి మొత్తం భారానికి పెట్టిన హద్దు మన దగ్గర ఒక్క సెక్షన్‌తోనే నిండిపోతుంది.

అపోహ: సంఖ్య తగ్గిస్తే ఫలితం దానంతట అదే వస్తుంది.

వాస్తవం: రాదు. ఇరవై మందికీ అదే ఉపన్యాసం చెబితే ఖాళీ బెంచీలు తప్ప మారేదేమీ లేదు. చిన్న తరగతులను సమర్థిస్తూ తరచుగా ఉదహరించే అమెరికాలోని టెనెసీ రాష్ట్రపు స్టార్ ప్రయోగం (1985-89) కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి వరకు చదివే పిల్లలపై జరిగింది. దాన్ని కళాశాల రచనకు నేరుగా అన్వయించడం సరికాదు.

అపోహ: విద్యార్థులు ఒకరివి ఒకరు దిద్దుకుంటే చాలు.

వాస్తవం: ఏం వెతకాలో ముందుగా చెబితే ఇది ఉపయోగపడుతుంది, కాని అధ్యాపకులు స్వయంగా చదివి దిద్దడానికి బదులు కాదు.

మన కళాశాలల్లోనే రసాయనశాస్త్రం ప్రాక్టికల్స్‌కు విద్యార్థులను బ్యాచ్‌లుగా విడగొడతారు. వారానికి ఒక్క పీరియడ్ రచనకూ అలాగే టైంటేబుల్లో మూడు బ్యాచ్‌లు కేటాయించి, ఆ అదనపు పీరియడ్లను అధ్యాపకుల బోధన గంటల్లోనే లెక్కించాలని ప్రిన్సిపాళ్లను కోరుతున్నాను.