డాట్సన్ కారును కంగారుపడి అమ్ముకోకండి: అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో కార్ల షెడ్డు నడుపుతున్న నాకు 2022 ఏప్రిల్ తర్వాత తరచుగా ఎదురవుతున్న ప్రశ్న ఒకటే: "డాట్సన్ కంపెనీ మూసేశారంట కదా, ఇక సామాను రాదంట కదా, ఎంతో కొంతకు వదిలించుకోమంటున్నారు, నిజమేనా?" అడిగేవారిలో ఎక్కువమందికి అది జీవితంలో కొనుక్కున్న మొదటి కారు. స్కూటరు మీద నలుగురు ప్రయాణించే అవస్థ తప్పించుకుందామని వాయిదాల మీద తెచ్చుకున్నవారు, చేతిలో ఉన్న డబ్బుకు వచ్చే కొత్త కారు ఇదొక్కటేనని తీసుకున్నవారు. వారి భయం నాకు బాగా అర్థమవుతుంది. ఆ భయాన్ని ఆసరా చేసుకుని వాట్సాప్‌లోనూ టీకొట్టు దగ్గరా తిరిగే పుకార్లను మాత్రం నేను సహించలేను, ఎందుకంటే వాటి వల్ల ఎవరెంత నష్టపోయారో దగ్గరుండి చూస్తున్నాను.

అపోహ: కంపెనీ మూతపడింది, సామాను దొరకదు, వచ్చినకాడికి అమ్ముకోవాలి

2022 ఏప్రిల్‌లో మన దేశంలో ఆగిపోయింది డాట్సన్ పేరుతో కొత్త కార్ల తయారీ మాత్రమే. ఆ పేరుకు యజమాని అయిన నిస్సాన్ ఇక్కడే ఉంది, మాగ్నైట్ కారును అమ్ముతూనే ఉంది. డాట్సన్‌ను ఆపుతున్నట్లు ప్రకటించినప్పుడే, ఇప్పటికే కొన్నవారికి సర్వీసు, విడి భాగాలు, వారంటీ తన డీలర్ల ద్వారా కొనసాగుతాయని నిస్సాన్ చెప్పింది. షెవ్రొలె 2017 చివరికి భారత మార్కెట్టు నుంచి పూర్తిగా తప్పుకున్నప్పుడు గానీ, ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్లు ప్రకటించినప్పుడు గానీ ఆ కార్ల యజమానులు ఎదుర్కొన్న పరిస్థితి వేరు, డాట్సన్ యజమానుల పరిస్థితి వేరు. వీరికి అండగా ఉండాల్సిన మాతృసంస్థ ఇంకా వ్యాపారంలోనే ఉంది.

మరి సామాను రాదనే మాట ఎక్కడ పుట్టింది? కౌంటరులో పుట్టింది. ఏ డీలరైనా రోజూ అమ్ముడయ్యే సామానునే దగ్గర ఉంచుకుంటాడు, అరుదుగా అడిగే ముక్కల మీద డబ్బు ఇరికించుకోడు. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు ఇస్తే కంప్యూటరులో పార్టు నంబరు చూసి, అడ్వాన్సు తీసుకుని, కంపెనీ గిడ్డంగికి ఆర్డరు పెడతారు. ఈ మాట ఓపికగా చెప్పాల్సిన కుర్రవాడు పనితొందరలో "లేదండీ" అని తల అడ్డంగా ఊపుతాడు, అడిగినవారు "ఇక రాదు" అని అర్థం చేసుకుని ఇంటికి వెళతారు, సాయంత్రానికి ఆ మాట అపార్టుమెంటు గ్రూపులో చేరుతుంది. కాబట్టి కౌంటరు దగ్గర "ఉందా" అని అడిగి ఊరుకోవద్దు. పార్టు నంబరు రాయించుకోండి, ఆర్డరు పెడితే ఎప్పటికి వస్తుందో అడగండి, అడ్వాన్సుకు రసీదు తీసుకోండి.

ఇంకొక సంగతి, షెడ్డులో పనిచేసేవారందరికీ తెలిసినది, యజమానుల్లో చాలామందికి తెలియనిది. డాట్సన్ మోడళ్లయిన గో, గో ప్లస్ కార్లలో ఉన్న 1,198 సీసీ మూడు సిలిండర్ల హెచ్‌ఆర్12డీఈ ఇంజన్ నిస్సాన్ మైక్రాలోనూ ఉన్నదే. మరో డాట్సన్ మోడల్ రెడీ గోలోని 799 సీసీ, 999 సీసీ ఇంజన్లూ, ఆ బండి నిలబడిన సీఎంఎఫ్-ఏ ప్లాట్‌ఫారమ్మూ (అడుగు నిర్మాణం) రెనో క్విడ్‌తో పంచుకున్నవి. క్విడ్ మన రోడ్ల మీద ఎన్ని తిరుగుతున్నాయో నేను చెప్పనక్కరలేదు. అందువల్ల ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్గులు, బెల్టులు, బ్రేకు ప్యాడ్లు, క్లచ్ సెట్టు వంటి మామూలు సామాను కోసం దిగులుపడాల్సిన అవసరం లేదు. అలాగని రెండింటికీ ఒకే ఇంజన్ కదా అని దొరికిన ప్రతి ముక్కనూ బిగించేయకూడదు. పాత ముక్కను పక్కన పెట్టుకుని, నంబరు సరిచూసుకుని, అప్పుడే కొనాలి. ఒరిజినల్ రాదని చెప్పి నాసిరకం నకిలీని అంటగట్టడం కూడా ఈ పుకారు నీడలోనే జరుగుతోంది.

ఉయ్యూరు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తన గో ప్లస్‌ను నా దగ్గరకు తీసుకువచ్చారు. క్లచ్ పెడల్ బాగా బిగుసుకుపోయింది, రివర్సు గేరు కరకరలాడుతూ పడుతోంది, సిగ్నల్ దగ్గర ఆగితే బండి మొత్తం అదురుతోంది. అప్పటికే ఒక సెకండ్ హ్యాండ్ కార్ల బ్రోకరు "గేరుబాక్సు పోయింది, దీనికి సామాను ఇండియాలోనే లేదు, రేపైతే ఈ రేటు కూడా రాదు" అని చెప్పి, అమ్మకపు కాగితాలు సిద్ధం చేసి పెట్టాడు. మాస్టారు బానెట్ మీద చెయ్యి వేసి, "బాబూ, రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కొన్నది, ఉన్నది ఉన్నట్టు చెప్పు" అన్నారు. "ముందు దింపి చూద్దాం మాస్టారూ, కాగితాల మీద సంతకం మాత్రం పెట్టకండి" అన్నాను. గేరు ఆయిల్ పళ్లెంలోకి వదిలి వేళ్ల మధ్య రాసి చూస్తే ఇనుప రజను తగల్లేదు. గేరుబాక్సు దింపితే క్లచ్ ప్లేటు రివెట్ల దాకా అరిగిపోయి ఉంది, ప్రెషర్ ప్లేటు రేకులు లోపలి అంచున గాడి పడి ఉన్నాయి, రిలీజ్ బేరింగును చేత్తో తిప్పితే గరగరమంది. ఇంజన్ కింద చెక్కదిమ్మ పెట్టి జాకీతో కొంచెం లేపగానే మౌంటింగ్ రబ్బరు నోరు తెరుచుకుంది. పోయింది గేరుబాక్సు కాదు, క్లచ్ సెట్టు, ఒక మౌంటింగ్. రెండూ ఆర్డరు మీద వచ్చాయి, బిగించాము, అదురు తగ్గింది. మూడు సిలిండర్ల ఇంజన్ కాబట్టి ఆగి ఉన్నప్పుడు కొద్దిపాటి వణుకు సహజంగానే ఉంటుందని ఆయనకు ముందే చెప్పాను. ఆ బండిలోనే ఆయన ఇప్పటికీ మనవరాలిని కాలేజీకి దింపుతున్నారు.

ఇక్కడ నిజాయితీగా చెప్పవలసినది కూడా ఉంది. ఆలస్యం నిజంగా జరిగేది బాడీ సామాను విషయంలో. బంపరు, హెడ్‌లైటు, డోరు, ఫెండరు, డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్కులు డాట్సన్‌కు మాత్రమే సరిపోయేవి, వేరే బండివి పనికిరావు. గుద్దుకున్న బండి ఈ ముక్కల కోసం షెడ్డులో ఎదురుచూడవలసి రావచ్చు. అమ్మితే వచ్చే ధర తక్కువన్నదీ నిజమే. కానీ ఆ తక్కువ ధరకు అమ్మినంత మాత్రాన మీ కారు అవసరం తీరిపోదు. బ్రోకరు ఇచ్చే మొత్తానికీ, అంతే మంచి స్థితిలో ఉన్న మరో చిన్న కారుకు మీరు పెట్టవలసిన మొత్తానికీ ఉన్న తేడాను కాగితం మీద వేసుకోండి. అందులోనే ట్రాన్స్‌ఫర్ ఖర్చు, కొత్త అప్పు మీద వడ్డీ కలపండి. ఆ తేడాలో చిన్న భాగంతో చాలా బండ్లను ఇంకా ఎన్నో ఏళ్లు తిప్పుకోవచ్చు. ఇంజన్ పొగ కక్కుతున్నా, ఛాసిస్‌కు తుప్పు పట్టినా, పెద్ద ప్రమాదంలో బండి వంకర తిరిగినా అమ్మేయమని నేనే చెబుతాను. పుకారు విని అమ్మకండి.

బీమా విషయంలో కూడా ఈ భయమే మనుషుల చేత తప్పు చేయిస్తోంది. "ఆగిపోయిన మోడల్ కదా, విలువేముంటుంది" అని ఏజెంటు ఐడీవీని, అంటే పాలసీలో రాసే బండి విలువను, బాగా తగ్గించి రాస్తే, ప్రీమియం కొంచెం తగ్గిందని యజమాని సంతోషిస్తాడు. తయారీ ఆగిపోయిన మోడళ్లకూ, ఐదేళ్లు దాటిన బండ్లకూ ఐడీవీని బీమా సంస్థ, యజమాని కలిసి ఒప్పందం మీద నిర్ణయించుకోవాలన్నది మోటారు బీమా నిబంధన. అంటే మాట్లాడే హక్కు మీకుంది. ఎందుకు మాట్లాడాలంటే, మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే ఆ బండిని టోటల్ లాస్ (పూర్తి నష్టం) కింద లెక్కిస్తారు. ఐడీవీ ఎంత తక్కువగా ఉంటే ఆ గీత అంత తొందరగా దాటుతుంది, బాగుచేసుకోదగిన బండి కూడా తుక్కు లెక్కలోకి పోతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ మునిగినప్పుడు ఇదే చూశాను. ఒకే వీధి నుంచి రెండు రెడీ గోలు వచ్చాయి. ఒకదాని యజమాని నీళ్లు తీయగానే ఆత్రంగా తాళం తిప్పి స్టార్ట్ చేయబోయాడు. సిలిండర్‌లో చేరిన నీరు గాలిలా కుదించుకుపోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. రెండో బండి యజమానురాలు బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, బండిని ముట్టుకోకుండా లారీ మీద తెప్పించారు. ప్లగ్గులు విప్పితే నీళ్లు చిమ్మాయి, ఇంజన్ ఆయిల్ పాలు కలిపిన టీలా దిగింది. ఆయిల్ మార్చి మార్చి కడిగి, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటరు) కనెక్టర్లు ఒక్కొక్కటీ విప్పి ఆరబెట్టి, కార్పెట్లన్నీ ఎండలో వేస్తే బండి మళ్లీ రోడ్డెక్కింది. మొదటి బండికి ఐడీవీ మరీ తక్కువగా రాసి ఉండటంతో మరమ్మతు లెక్క ఆ గీత దాటిపోయింది. నీరు చేరిన ఇంజన్‌ను తిప్పడం వల్ల జరిగే నష్టాన్ని మామూలు పాలసీ భరించదు, దానికి ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు వేరుగా తీసుకోవాలి. మనది కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు, బుడమేరు పక్కనే ఉంది. ఆ కవరు ఇచ్చే సంస్థ దొరికితే వదులుకోకండి.

అపోహ: డాట్సన్ మనలాంటి దేశాల కోసం పుట్టించిన చౌక పేరు

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ పేరు నిస్సాన్ కంటే పాతది. 1911లో హషిమోతో మసుజిరో టోక్యోలో స్థాపించిన కైషిన్‌షా అనే సంస్థ, డబ్బు పెట్టిన డెన్, అవోయామా, టకెయుచి అనే ముగ్గురి పేర్ల మొదటి ఇంగ్లీషు అక్షరాలతో (డి, ఏ, టి) 1914లో డాట్ కారును తయారుచేసింది. 1930ల మొదట్లో ఆ పరంపర నుంచే డాట్సన్ అనే చిన్న కారు వచ్చింది. 1933లో అయుకవ యోషిసుకే పెట్టిన సంస్థ ఆ మరుసటి ఏడాది నిస్సాన్ మోటార్ అయింది, 1935లో యోకోహామా కర్మాగారం నుంచి డాట్సన్ కార్లు బయటకు రావడం మొదలైంది. ఆఫ్రికాలోని సఫారీ ర్యాలీ అంటే బండికి అగ్నిపరీక్ష. దాన్ని డాట్సన్ కార్లు 1970లో, 1971లో, 1973లో గెలిచాయి. 1969లో వచ్చిన 240జెడ్ స్పోర్ట్స్ కారును అమెరికాలో ఈనాటికీ ముద్దుగా చూసుకుంటారు. 1980లలో నిస్సాన్ అన్ని దేశాల్లోనూ ఒకే పేరు ఉండాలని డాట్సన్‌ను పక్కన పెట్టి, 2012లో మళ్లీ తీసింది. మన దగ్గర గో 2014 మార్చిలో, గో ప్లస్ 2015 జనవరిలో, రెడీ గో 2016 జూన్‌లో అమ్మకానికి వచ్చాయి. ధర తగ్గించడం కోసం మొదటి గోలో చాలా వదిలేశారన్నది నిజం, ముందు అద్దానికి వైపరు కూడా ఒక్కటే. యజమానుల అభిప్రాయాలు రెండుగా చీలడం అందుకే. లోపల చోటు, మైలేజీ, ఇరుకు సందుల్లో సులువుగా తిరగడం చూసినవారు మెచ్చుకుంటారు. రేకు పలుచన, హైవే మీద రొద చూసినవారు పెదవి విరుస్తారు. ఇద్దరూ చెప్పేది నిజమే.

ఇంకొన్ని

డాట్సన్‌కు ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) రాదని, ఆర్‌సీ రద్దవుతుందని చెప్పేవారిని నమ్మకండి. పెట్రోలు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకోసారి పునరుద్ధరిస్తారు. కంపెనీ కొత్త బండ్లు తయారుచేస్తోందా లేదా అన్నదానితో దీనికి సంబంధమే లేదు. ఇంతకంటే పాత బండ్లను తిప్పనివ్వరంటూ వచ్చే సందేశాలు ఢిల్లీ ప్రాంతానికి సంబంధించినవి.

టైమింగ్ బెల్టు మార్చకపోతే ఇంజన్ పోతుందని గో యజమానులను బెదిరిస్తున్నారు. ఆ ఇంజన్‌లో ఉన్నది చైను. వేళకు ఆయిల్ మారిస్తే చాలు.

"ఎయిర్ బ్యాగులు బయట బిగించుకుంటే గో భద్రమైపోతుంది" అన్నది మాత్రం ప్రమాదకరమైన అపోహ. కార్లను గుద్దించి భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ 2014లో చేసిన పరీక్షలో ఎయిర్ బ్యాగులు లేని గోకు పెద్దల భద్రతలో ఒక్క నక్షత్రం కూడా రాలేదు. బాడీ నిర్మాణమే తట్టుకోలేకపోయిందని, ఎయిర్ బ్యాగులు పెట్టినా ప్రయోజనం ఉండదని వారు అన్నారు. 2018 అక్టోబరు తర్వాతి గోలో రెండు ఎయిర్ బ్యాగులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) కంపెనీయే ఇచ్చింది, కొనేవారు ఆ తేదీ తర్వాతి బండినే చూసుకోవాలి. పాత బండి ఉన్నవారు ఊళ్లో నిశ్చింతగా తిప్పుకోండి, గుంటూరు వైపైనా హైదరాబాదు వైపైనా హైవే ఎక్కినప్పుడు వేగం తగ్గించండి, వెనక సీట్లో ఉన్నవారి చేత కూడా బెల్టు పెట్టించండి. గో ప్లస్ చివరి వరుస వెనక అద్దానికి మరీ దగ్గరగా ఉంటుంది, అక్కడ సామాన్లు పెట్టుకోండి గానీ పిల్లల్ని కూర్చోబెట్టకండి.