కాళ్ల వాపు వెనక ఒక సుగర్ బిళ్ళ

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కాళ్లు వాచాయంటే ఇంట్లో అందరికీ ముందు గుర్తొచ్చేది కిడ్నీయే. కవిటి, సోంపేట, కంచిలి వైపు పల్లెల్లో చదువు రానివాళ్లు కూడా కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష క్రియాటినిన్ గురించి మాట్లాడతారు. నిరుడు సోంపేట దగ్గర ఉండే మా మేనత్తకి పాదాలు ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడుతుంటే మేమూ అదే టెన్షన్ పడ్డాం. పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ బాగానే ఉంది. డాక్టరు గారు ఆమె వేసుకుంటున్న సుగర్ బిళ్ళలన్నీ తెప్పించి చూశారు. మూడు మందులు కలిపిన బిళ్ళ ఒకటి ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, వాటితోపాటు పయోగ్లిటజోన్. దాన్ని మార్చాక కొన్ని వారాల్లో వాపు తీసింది.

పయోగ్లిటజోన్ అనే ఆ పేరు వెనక పాతికేళ్ల చరిత్ర ఉంది.

పయోగ్లిటజోన్‌ను తయారు చేసింది జపాన్‌లోని ఒసాకాకు చెందిన టకెడా కంపెనీ. 1999లో అమెరికాలో యాక్టోస్ పేరుతో అనుమతి వచ్చింది. అక్కడ మొదట ఎలై లిల్లీతో కలిసి అమ్మారు. ఒంట్లో ఉన్న ఇన్సులిన్ సరిగా పనిచేసేలా చూడడం దీని పని. ఇదే రకం మందుల కుటుంబంలో ముందు వచ్చిన ట్రోగ్లిటజోన్ కాలేయాన్ని దెబ్బతీస్తోందని 2000లో అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు. రోసిగ్లిటజోన్ మీద 2007లో గుండెపోటు అనుమానం వచ్చింది, 2010లో మన దేశం దాన్ని నిషేధించింది. దాంతో ఈ కుటుంబంలో విరివిగా వాడుకలో మిగిలింది పయోగ్లిటజోన్ ఒక్కటే.

దీని మీద వచ్చిన అనుమానం మూత్రాశయ క్యాన్సర్. మగ ఎలుకల్లో మూత్రాశయంలో గడ్డలు కనిపించిన సంగతి అనుమతికి ముందే తెలుసు. 2005లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో ఐదు వేల మందికి పైగా పాల్గొన్నారు. మందు వేసుకున్నవాళ్లలో 14 మందికి, పోల్చి చూడడానికి మందు లేని ఉత్త బిళ్ళ వేసుకున్నవాళ్లలో 6 మందికి ఆ క్యాన్సర్ వచ్చింది. చిన్న అంకెలే, కానీ పక్కన పెట్టేయదగినవి కావు. 2011 జూన్‌లో ఫ్రాన్స్ ఈ మందును ఆపేసింది. ఏడాదికి మించి వాడితే ముప్పు పెరగవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా అదే నెలలో హెచ్చరించింది.

కోర్టుల్లో కథ ఇంకా తీవ్రంగా నడిచింది. ముప్పు సంగతి దాచారని 2014లో అమెరికాలోని లూసియానాలో ఒక జ్యూరీ టకెడా, లిల్లీ కలిపి 900 కోట్ల డాలర్లు కట్టాలంది. జడ్జి ఆ మొత్తాన్ని 4 కోట్ల డాలర్ల లోపుకి తగ్గించారు. మరుసటి ఏడాది దాదాపు 9,000 కేసుల్ని టకెడా సుమారు 240 కోట్ల డాలర్లతో పరిష్కరించుకుంది, తప్పు మాత్రం ఒప్పుకోలేదు. అదే 2015లో వచ్చిన పదేళ్ల అధ్యయనంలో మూత్రాశయ క్యాన్సర్ స్పష్టంగా పెరిగినట్టు కనబడలేదు. అయినా 2016లో ఎఫ్‌డీఏ, ముప్పు ఉండవచ్చన్న హెచ్చరికనే కొనసాగించింది.

మన దగ్గర ఏం జరిగిందో చెప్పాలి. 2013 జూన్‌లో కేంద్రం పయోగ్లిటజోన్ తయారీని, అమ్మకాన్ని నిలిపేసింది. చవకగా దొరికే మందు, లక్షల మంది వాడేది, మన దేశంలో డోసు కూడా తక్కువే అంటూ డాక్టర్లు అభ్యంతరం చెప్పారు. జూలై చివర్లో నిలుపుదల ఎత్తేశారు, షరతులతో. సుగర్‌కి మొదటి మందుగా ఇవ్వకూడదు. మూత్రాశయ క్యాన్సర్ ఉన్నవాళ్లకి, వచ్చిపోయినవాళ్లకి, మూత్రంలో రక్తం పడుతూ కారణం తేలనివాళ్లకి ఇవ్వకూడదు. మందుతో వచ్చే కాగితం మీద ఈ హెచ్చరిక ప్రత్యేకంగా కనబడాలి.

ఆ కాగితం మా అత్త ఎన్నడూ చూడలేదు. ఆమెకి వచ్చేది అట్టలోంచి కత్తిరించిన పది బిళ్ళలు. పేరున్న వైపు షాపులోనే ఉండిపోతుంది. కాగితం దొరికినా అది ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఒసాకా నుంచి ఢిల్లీ దాకా ఇన్నేళ్లు నలిగిన హెచ్చరిక సోంపేట చేరకుండానే ఆగిపోయింది. నాకు బాధ కలిగించేది ఇదే.

ఉద్దానానికి ఈ సంగతి మరీ ముఖ్యం. పయోగ్లిటజోన్ ఒంట్లో ఉప్పు, నీరు నిలబెడుతుంది. కాళ్లు వాస్తాయి, బరువు పెరుగుతుంది, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి ఆయాసం వస్తుంది. గుండె వైఫల్యం గురించిన హెచ్చరికను 2007 నుంచే అమెరికాలో మందు సమాచార పత్రంలో గడి కట్టి మరీ ఇస్తున్నారు. ఇంకో మాట. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకి మెట్‌ఫార్మిన్ ఇవ్వరు. పయోగ్లిటజోన్ ఎక్కువగా కాలేయం మీదుగా పోతుంది కాబట్టి అలాంటివాళ్లకి డాక్టర్లు దాన్ని ఎంచుకునే అవకాశం ఉంది. అప్పుడు వచ్చే వాపు కిడ్నీదా, బిళ్ళదా? చూపుతో చెప్పలేం. పలాసలో కిడ్నీ ఆసుపత్రి ఉంది, పరీక్షలు చేస్తారు. కానీ వేసుకుంటున్న బిళ్ళ పేరు రోగికి తెలియకపోతే డాక్టరుకి సగం సమాచారమే అందుతుంది.

ఇది చదివి ఎవరూ బిళ్ళ మానేయొద్దు. సుగర్ పెరిగితే అదే కిడ్నీల్ని తినేస్తుంది. వాపు, ఆయాసం, మూత్రంలో ఎరుపు కనిపిస్తే డాక్టరుకి చెప్పండి. మందుల దుష్ప్రభావాల్ని నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010 నుంచి ఉంది. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024, రోగులు కూడా నేరుగా చెప్పొచ్చు.

మా అత్త ఇప్పుడు అట్ట మొత్తం ఇమ్మని అడుగుతోంది. ఖాళీ అట్టని పారేయకుండా రేషన్ కార్డు పెట్టే సంచిలోనే దాచి, ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ వెంట తీసుకెళ్తోంది.