పాత చరిత్ర పుస్తకాలు: అపోహలు - వాస్తవాలు

రాజమహేంద్రవరంలో పాత పుస్తకాలు అమ్ముతూ, గోదావరి ప్రాంత చరిత్రకు సంబంధించినవి మాత్రం వీలైనంత వరకు నా కోసమే ఉంచుకునే వ్యాపారిని నేను. కొనేవారూ అమ్మేవారూ తరచుగా అనే నాలుగు మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: పుస్తకం ఎంత పాతదైతే అంత ఖరీదు.

వాస్తవం: పదే పదే అచ్చయిన పురాణాలు నూరేళ్ల నాటివైనా నా బీరువాలో నెలల తరబడి కదలవు. ఒక ఊరి హైస్కూలు స్వర్ణోత్సవ సంచికో, దేవస్థానం వారు వేసిన ముప్పై పేజీల స్థలపురాణమో వస్తే మాత్రం వారం నిలవదు. వాటిని ఊళ్లో పంచిపెట్టారే తప్ప గ్రంథాలయాలకు పంపినవారు తక్కువ. చివరి పేజీల్లోని దాతల పట్టిక మరెక్కడా దొరకదు.

అపోహ: గోదావరి జిల్లా గెజిటీరు (జిల్లా వివరాలతో ప్రభుత్వం వేసిన గ్రంథం) ఒక్కటి కొంటే మా ఊరి చరిత్ర తెలుస్తుంది.

వాస్తవం: అది ఏ ఊరన్న దాన్ని బట్టి ఉంటుంది. 1859లో ఏర్పడిన గోదావరి జిల్లాలో భాగమైన ఏలూరు, ఎర్నగూడెం, తణుకు, భీమవరం తాలూకాలనూ, నగరం దీవి మినహా నరసాపురం తాలూకానూ 1904లో కృష్ణా జిల్లాకు మార్చారు. ఎఫ్.ఆర్. హెమింగ్‌వే రాసిన ఆ గెజిటీరు 1907లో వచ్చింది కనుక అందులో భీమవరం తాలూకా గ్రామాల వివరాలు వెదకడం వృథా. వాటికి 1878లో హెన్రీ మోరిస్ రాసిన జిల్లా చరిత్ర చూడాలి. పశ్చిమగోదావరి అన్న జిల్లా 1925లో గానీ ఏర్పడలేదు. ఈ సంగతి తెలియని తొలి రోజుల్లో నేను వీరవాసరం వైపు పెద్దాయన ఒకరికి 1907 నాటి ప్రతిని అంటగట్టి, నెల తిరక్కముందే ఆయన ముఖం చూడలేక డబ్బు వెనక్కి ఇచ్చాను. 2022లో జిల్లాలు మళ్లీ మారాయి కాబట్టి, ఇప్పుడు కోనసీమ జిల్లా చరిత్ర అడిగినవారిని ముందుగా పాత తాలూకా పేరు అడుగుతాను.

అపోహ: అన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నాయి, కాగితం ప్రతి దండగ.

వాస్తవం: చదువుకోవడానికి స్కాను చాలు, నేనూ వాడతాను. అయితే మడత పటాన్ని విప్పకుండానే స్కాను చేసిన గెజిటీర్లు ఎన్నో చూశాను. పైగా ప్రతికీ ప్రతికీ తేడా ఉంటుంది: చిలుకూరి వీరభద్రరావు గారి ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి భాగం ప్రతి ఒకటి నా దగ్గర ఉంది, అందులో ఎవరో, కరణం గారు కాబోలు, ప్రతి శక సంవత్సరానికీ 78 కలిపి పక్కన పెన్సిలుతో క్రీస్తు శకం వేసుకుంటూ, రెండుచోట్ల తానే పొరబడి, కొట్టివేసి మళ్లీ రాశారు.

అపోహ: తడిసిన పుస్తకానికి ఎండే మందు.

వాస్తవం: 1996 నవంబరు తుపాను తర్వాత కోనసీమ నుంచి నా దగ్గరకు ఒక ట్రంకుపెట్టె వచ్చింది. పైవరుస పుస్తకాలను ఇంటివారు డాబా మీద ఎండబెట్టారు. అట్టలు అప్పడాల్లా వంకర తిరిగి, నున్నటి కాగితం మీద వేసిన బొమ్మల పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. తడిసిన పుస్తకాన్ని నీడలో ఫ్యాను గాలికి నిలబెట్టి, పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టి, అవి చెమ్మగిల్లినప్పుడల్లా మార్చాలి. రెండు రోజులు ఆలస్యమైతే బూజు మొదలవుతుంది. చిరిగినచోట సెల్లోటేపు అసలే వద్దు, దాని జిగురు కాగితాన్ని పసుపుపచ్చగా మార్చేస్తుంది. ఎండ సోకకుండా పెట్టె అడుగున ఉండిపోయిన 1922 నాటి రాజరాజనరేంద్ర పట్టాభిషేక సంచికను (ఆ రాజు పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్లయినప్పుడు వేసినది) ఆ పద్ధతిలోనే ఆరబెట్టాము. అందుకు పద్దెనిమిది రోజులు పట్టింది.