ఆరాధనలో ఏ బైబిలు చదవాలి? విశాఖ వాదన వెనుక కథ

ఆదివారం ఆరాధనలో పాత అనువాదాన్నే చదవాలా, వాడుక తెలుగులో వచ్చిన బైబిలును కూడా చదవనివ్వాలా అన్న వాదన విశాఖపట్నంలోని సంఘాల్లో మళ్లీ రేగింది. తాతల నాటి నుంచి అక్షరం మారని గ్రంథాన్ని ఇప్పుడెందుకు కదిలించాలన్నది పాత అనువాదం పక్షాన తరచుగా వినిపించే మాట. ఆ గ్రంథం రూపు దిద్దుకున్న ఊళ్లోనే ఈ మాట వినిపించడం కొంత విచిత్రం.

పద్దెనిమిదో శతాబ్దంలో జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ చేసిన అనువాదం అచ్చుకు నోచుకోలేదు కాబట్టి, నేరుగా పంతొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లకు రావచ్చు. లండన్ మిషనరీ సొసైటీ తరఫున 1805లో విశాఖకు వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఒకపక్క తెలుగు నేర్చుకుంటూ, మరోపక్క అనువాదానికి పూనుకున్నారు. అయితే క్రైస్తవం స్వీకరించిన తెలుగు బ్రాహ్మణుడు ఆనందరాయర్ వచ్చి చేరిన తరువాతే ఆ పని ఊపందుకుంది. ఆయనకు తమిళం వచ్చు. తమిళ కొత్త నిబంధన అప్పటికి దాదాపు వందేళ్ల క్రితమే అచ్చయి ఉంది కాబట్టి, ఆ పాఠం ఆయనకు అందుబాటులో ఉంది. మూలంతో సరిచూడడం ఆ దొరల వంతు, వాక్యం తెలుగులో నిలిచేలా చూడడం ఆనందరాయర్ వంతు. వినేవాడికి అర్థమైందా లేదా అన్న పరీక్ష తెలుగు బైబిలుకు పుట్టుకతోనే ఉందని చెప్పడానికి ఈ ఒక్క ఏర్పాటు చాలు.

క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. ఆ తరువాత విశాఖలోనే ఎడ్వర్డ్ ప్రిట్చెట్ పని కొనసాగించగా, ఆయన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. దాదాపు అదే కాలంలో శ్రీరాంపురం మిషనరీలు తమ సొంత తెలుగు కొత్త నిబంధనను తెచ్చారు. అంటే తొలి తరం పాఠకుల ముందే రెండు పాఠాలున్నాయి. 1840లో విశాఖకు వచ్చిన జాన్ హే సుమారు అర్ధ శతాబ్దం ఇక్కడే ఉండి, ఉన్న అనువాదాన్ని సంస్కరించే పనిలో ముఖ్యుడయ్యారు. నేడు మార్చరాదంటున్న పాఠం ఇన్ని చేతులు మారి వచ్చినదే.

మార్పు ఆగింది ఆ తరువాతే. విజయనగరంలో చదువుకున్న గిడుగు రామమూర్తి ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో వాడుక భాష కోసం పోరాడారు. క్రమంగా పత్రికలూ పాఠ్యపుస్తకాలూ ఆ దారి పట్టాయి గానీ, ఆరాధనలో చదివే బైబిలు మాత్రం ‘చేసెను’, ‘చెప్పెను’ల దగ్గరే ఉండిపోయింది. వాడుక తెలుగు అనువాదాలు వచ్చేసరికి పాత పాఠానికి పవిత్రత అంటుకుపోయింది.

పెద్దల వాదనను తోసిపుచ్చలేం. చదువు రాని వారు సైతం ఇరవై మూడో కీర్తనను పాత పాఠంలోనే పొల్లు పోకుండా అప్పజెబుతారు, ఆసుపత్రి మంచం దగ్గర వారికి తోడు నిలిచేది అదే. కానీ జాలరిపేట వంటి చోట్ల రాత్రి కుటుంబ ప్రార్థనలో వాక్యం చదివేది ఎక్కువగా ఇంట్లోని బడిపిల్లలు. బైబిలులో పౌలు రాసిన లేఖల్లోని పొడవాటి వాక్యాల దగ్గర వాళ్లకు ఊపిరి తిరగదు, విన్నవాళ్లు అర్థం అడిగితే చెప్పలేరు. ఫోనులోని బైబిలులో వాడుక తెలుగు పాఠం వేలితో తాకితే వస్తుంది, అయినా ‘అది బైబిలు కాదు’ అని మందలించేవారున్నారు.

ప్రస్తుతానికి కొన్ని సంఘాలు ఆరాధనలో పాత పాఠాన్ని, యువకుల కూడికల్లో కొత్తదాన్ని చదువుతూ నెట్టుకొస్తున్నాయి. చిక్కు సండే స్కూలు కంఠస్థ వాక్యాల పోటీల దగ్గర వస్తోంది. పాత పాఠంతో మాట మాటకూ సరిపోతేనే మార్కులు వేసే చోట, వాడుక తెలుగులో నేర్చుకుని అర్థం కూడా చెప్పగలిగిన పిల్లవాడికి సున్నా వేయాలా అన్నది పెద్దలు ఇంకా తేల్చలేదు.