నిమ్మ ఉప్పు నీళ్లలో తడిసిన బాంబర్

2013 జూన్ 10 సాయంత్రం, ఇంగ్లండ్‌లోని కెంట్ తీరానికి ఎదురుగా గుడ్విన్ శాండ్స్ అనే ఇసుక మేటల దగ్గర, ఒక బార్జి మీది క్రేన్ సముద్రంలోంచి ఒక విమానాన్ని బయటికి తీసింది. అడుగున బోర్లా పడి ఉన్న విమానం అలా బోర్లాగానే పైకి వచ్చింది. ఒళ్లంతా గుల్లలు, నాచు. ముక్కు దగ్గరి అద్దాలు లేవు. బాంబుల అరకు తలుపులు లేవు, చక్రాల అరకూ లేవు. కానీ ప్రొపెల్లర్ల రెక్కలు ఆఖరిసారి దిగినప్పుడు ఎలా వంగిపోయాయో అలాగే ఉన్నాయి. చక్రాల టైర్లలో గాలి ఇంకా నిలిచే ఉంది, ఏడు దశాబ్దాలకు పైగా ఉప్పునీళ్లలో ఉండి కూడా.

అది జర్మన్ బాంబర్, డోర్నియర్ డో-17. సన్నగా పొడుగ్గా ఉండే దాని ఒడ్డూ పొడుగూ చూసి ‘ఎగిరే పెన్సిల్’ అనేవారు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ గగనతల యుద్ధం జోరుగా సాగుతున్న రోజుల్లో, 1940 ఆగస్టు 26న, బ్రిటిష్ డిఫయంట్ ఫైటర్లు దీన్ని కాల్చాయని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం చెబుతోంది. పైలట్ చక్రాలు దించకుండానే ఆ ఇసుక మేటల మీద దించే ప్రయత్నం చేశాడు. నలుగురిలో ఇద్దరు బతికి యుద్ధఖైదీలయ్యారు, ఇద్దరు చనిపోయారు.

రెండువేలకు పైగా తయారైన ఈ విమానాల్లో ఇది తప్ప ఒక్కటీ మిగల్లేదు. ఫిన్లాండ్ దగ్గర యుద్ధం తర్వాత కూడా కొన్ని ఉండేవి. వాటిలో ఆఖరివాటిని 1952లో తుక్కు చేసేశారు. దీనికి కారణం పెద్ద రహస్యమేమీ కాదు. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది, కరిగించి మళ్లీ వాడుకోవడం తేలిక. 1940లో బ్రిటన్ ప్రజల్ని వంటగిన్నెలు ఇవ్వమని అడిగి విమానాలు చేస్తామంది. యుద్ధం ముగిశాక ఆ దారి తిరగబడింది, విమానాలు కొలిమికి వెళ్లాయి. అందుకే 15 మీటర్ల లోతున ఇసుకలో దాదాపు పూర్తి రూపంలో ఒక డోర్నియర్ ఉందని తెలిసినప్పుడు మ్యూజియం వాళ్లు దాన్ని వదలలేకపోయారు. ఇసుక కప్పి ఉన్నంతకాలం ఆక్సిజన్ పెద్దగా అందదు, లోహం నిలుస్తుంది. గుడ్విన్ శాండ్స్‌లో ఇసుక ఒకచోట ఉండదు, ప్రవాహాల వెంట కదులుతుంది. పైన దుప్పటి తొలగిపోతే వలలు తగులుకుంటాయి, అలల తాకిడి రేకుల్ని చీలుస్తుంది, జ్ఞాపకంగా ముక్క విరుచుకుపోయే డైవర్లు వస్తారు. వదిలేస్తే కొన్నేళ్లలో పోయేదే.

ముందు అనుకున్న పద్ధతి వేరు. నీళ్ల అడుగునే విమానం చుట్టూ ఒక చట్రం కట్టి, చట్రంతో సహా ఎత్తాలనుకున్నారు. గాలులు వారాల తరబడి పని సాగనివ్వలేదు. ఖర్చు పెరిగింది, రోజులు తరిగాయి. చివరికి చట్రం ఆలోచన మానుకుని విమానంలో గట్టిగా ఉన్న చోట్లకే తాళ్లు కట్టి లేపారు. చూసేవాళ్లకు ఆ ఎత్తడమే పెద్ద ఘట్టం. నా మటుకు నాకు అసలు కథ ఆ తర్వాతే మొదలైంది.

ఎందుకంటే సముద్రంలోంచి తీసిన అల్యూమినియానికి గాలి తగిలిన గంటలోనే ప్రమాదం మొదలవుతుంది.

విమానాల రేకు శుద్ధ అల్యూమినియం కాదు, డ్యూరాల్యూమిన్. జర్మన్ లోహశాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ విల్మ్ 1900ల తొలి దశకంలో కనుగొన్న మిశ్రమలోహం. అల్యూమినియంలో సుమారు 4 శాతం రాగి, కొంచెం మెగ్నీషియం, మాంగనీసు కలిపి, వేడిచేసి, ఒక్కసారిగా చల్లార్చి కొన్ని రోజులు వదిలేస్తే అది దానంతటదే గట్టిపడుతుంది. లోపల రాగి అతిసూక్ష్మ కణాలుగా విడివడి లోహం పొరలు ఒకదానిమీద ఒకటి జారకుండా అడ్డుపడుతుంది. బరువు తక్కువ, బలం ఎక్కువ. లోహంతో విమానం కట్టడం సాధ్యమైంది ఇలాంటి మిశ్రమాల వల్లే.

ఆ బలం ఇచ్చిన రాగే దాని బలహీనత కూడా. మామూలుగా అల్యూమినియం పైన కంటికి కనపడని ఆక్సైడ్ పొర ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు ఆ పొరలో బలహీనమైన చోటు చూసి చీలుస్తాయి. అక్కడ తేమ ఉంటే రాగి ఎక్కువున్న కణం ఒక ధ్రువం, పక్కనున్న అల్యూమినియం ఇంకో ధ్రువం, చిన్న బ్యాటరీ తయారైనట్టే. ఆ బ్యాటరీలో కరిగిపోయేది అల్యూమినియం. ఇనుము తుప్పులా ఎర్రగా కనపడదు, తెల్లటి పొడి రాలుతుంది. గుంటలు పడతాయి, లోహం రేణువుల సరిహద్దుల వెంట నష్టం లోపలికి పాకి, రేకు పుస్తకం పేజీల్లా పొరలుగా విచ్చుకుంటుంది. పైకి చక్కగా కనిపించే రెక్క వేలితో నొక్కితే విరిగే స్థితికి రావచ్చు. దానికి తోడు స్టీలు బోల్టు అల్యూమినియం రేకును తాకిన ప్రతిచోటా ఇంకో బ్యాటరీ.

సముద్రంలో ఉన్నన్నాళ్లూ క్లోరైడ్ గుంటల్లోకి, అతుకుల సందుల్లోకి, రివెట్ల కిందికి చేరి ఉంటుంది. బయటికి తీశాక నీళ్లు ఆరుతుంటే అది చిక్కబడుతుంది, ఆక్సిజన్ పుష్కలంగా దొరుకుతుంది. కాబట్టి విమానాన్ని ఆరనివ్వకూడదు. ఆరనివ్వకుండానే క్లోరైడ్‌ని లాగెయ్యాలి, గుల్లల సున్నపు పొరని వదిలించాలి. ఈ రెంటికీ లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు సూచించిన మందు సిట్రిక్ ఆమ్లం. మన కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు అని అడిగితే పొట్లం కట్టి ఇచ్చేది అదే.

అల్యూమినియం మీద ఆమ్లమా అని ఎవరికైనా అనుమానం రావాలి. అల్యూమినియం గిన్నెలో పులుసు నిలవ ఉంచకూడదని మన ఇళ్లలో అందరికీ తెలుసు. చింతపండు పులుపుకి గిన్నె లోపలి రక్షణ పొర కరుగుతుంది. కిటుకంతా పీహెచ్ విలువలో, అంటే పులుపు ఎంతుందో చెప్పే కొలతలో ఉంది. పీహెచ్ సుమారు 4 కంటే తగ్గితే ఆక్సైడ్ పొర ఆమ్లంలో కరుగుతుంది, 8.5 దాటితే క్షారంలో కరుగుతుంది. మధ్యలో ఉన్నంతసేపు క్షేమం. అందుకని నిమ్మ ఉప్పు ద్రావణానికి కాస్టిక్ సోడా చేర్చి పులుపు తగ్గించి, పీహెచ్‌ని 5.5 ప్రాంతంలో నిలబెట్టారు. అప్పుడు సిట్రేట్ అణువులు సున్నపు పొరలోని కాల్షియంని, పేరుకున్న తెల్లపొడిలోని అల్యూమినియం అయాన్లని పట్టుకుని నీళ్లలో కలిపేస్తాయి. కింద మంచి లోహం జోలికి పెద్దగా పోవు. ఆ పొరలు వదులయ్యే కొద్దీ వాటి వెనక చిక్కుకున్న క్లోరైడ్ కూడా మెల్లగా బయటికి వస్తుంది.

ష్రాప్‌షైర్‌లోని కాస్ఫర్డ్‌లో, కూరగాయల సాగుకు వాడే పాలీహౌస్‌ల లాంటి రెండు ప్లాస్టిక్ గుడారాల్లో డోర్నియర్‌ని ఉంచి ఈ ద్రావణాన్ని తుంపరగా చల్లారు. రెండేళ్ల దాకా పడుతుందని లెక్క వేసుకునే మొదలుపెట్టారు. మెత్తబడిన పెచ్చుల్ని చేత్తో, లోహం గీసుకుపోకుండా ప్లాస్టిక్ పనిముట్లతో గీకి తీశారు. తొందరపడే పని కాదు. గుంట లోతుల్లోంచి క్లోరైడ్ తన వేగంతో తాను రావాల్సిందే. ఇంజిన్ల సంగతి ఇంకా చిక్కు. ఒకే యంత్రంలో స్టీలు, అల్యూమినియం, మెగ్నీషియం కలిసి ఉంటాయి. ఒకదానికి మేలు చేసే ద్రావణం ఇంకోదాన్ని తినేస్తుంది.

అంతా అయ్యాక, కొత్త రేకులు వేసి, రంగులద్ది 1940 నాటి విమానంలా నిలబెడతారా? లేదు, ఆ ఉద్దేశం వాళ్లకు మొదటినుంచీ లేదు. నేను దాన్ని పూర్తిగా సమర్థిస్తాను.

ఈ విషయంలో రెండు బ్రిటిష్ హాలిఫాక్స్ బాంబర్ల కథ చూడాలి. రెండూ నార్వే సరస్సుల్లోంచి వచ్చినవే, మంచినీళ్లు కాబట్టి ఉప్పు బెడద లేదు. మొదటిది, డబ్ల్యూ-1048, 1942 ఏప్రిల్‌లో జర్మన్ యుద్ధనౌక టిర్‌పిట్జ్ మీద దాడికి వెళ్లి దెబ్బతిని, గడ్డకట్టిన హోక్లింగెన్ సరస్సు మీద దిగింది. సిబ్బంది బయటపడ్డారు, విమానం మంచు విరిగి మునిగింది. 1973లో తీశారు. లండన్ హెండన్ మ్యూజియంలో ఇప్పటికీ చాలావరకు తీసినట్టుగానే, చిరిగిన రేకులతో ఉంది. రెండోది, ఎన్ఏ-337, 1945 ఏప్రిల్‌లో నార్వే ప్రతిఘటన దళాలకు సరుకులు జారవిడవడానికి వెళ్లి మ్యోసా సరస్సులో కూలింది. 1995లో రెండు వందల మీటర్లకు పైగా లోతు నుంచి తీసి, కెనడాలోని ట్రెంటన్‌కి తీసుకెళ్లి, పదేళ్లు శ్రమించి 2005 నాటికి కొత్తదానిలా నిలబెట్టారు. ఆ పనితనానికి చెయ్యెత్తి దండం పెట్టాలి. ఆ బాంబర్‌లో తమవాళ్లు ఎలా కూర్చున్నారో ఈ తరం వాళ్లకు చూపిస్తోంది అది. కానీ బాగుచెయ్యడమంటే కొంత చెరిపెయ్యడం కూడా. తూటా ఎటునుంచి వచ్చింది, ఏ రివెట్ ముందు తెగింది, ఫ్యాక్టరీలో హడావుడిగా చేసిన అతుకు ఏది, ఇవన్నీ పాత రేకులోనే ఉంటాయి. రేకు మారిస్తే అవి పోతాయి. ఒకటి అలాగే ఉంది కాబట్టి రెండోదాన్ని బాగుచెయ్యడంలో నష్టం తక్కువ. డోర్నియర్‌కి ఆ వెసులుబాటు లేదు, ఉన్నది ఒక్కటే.

పాత బాంబర్లు మిగలడానికి ఇంకో దారి కూడా ఉంది, అది మన దేశానికి సంబంధించినది. 18,000కు పైగా తయారైన అమెరికన్ లిబరేటర్ బాంబర్లలో కొన్నిటిని యుద్ధం చివర కాన్పూర్‌లో, మళ్లీ ఎవరూ వాడకుండా కావాలని పాడుచేసి వదిలేశారు. బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఇంజినీర్లు వాటిలోంచే సుమారు 40 విమానాల్ని తిరిగి ఎగిరేలా చేశారు. 1948 నవంబర్‌లో ఏర్పడిన 5వ స్క్వాడ్రన్ వాటితోనే మొదలైంది. 1968 దాకా అవి మన వాయుసేనలో పనిచేశాయి. మిగతా దేశాలు కరిగించేసిన చాలాకాలానికి కూడా మన దగ్గర ఎగురుతూ ఉండటం వల్లే ఇవాళ హెండన్‌లో, అమెరికాలోని పీమా మ్యూజియంలో, కెనడా ఒటావాలో లిబరేటర్లు ఉన్నాయి. ఆ మూడూ మన దగ్గర్నుంచి వెళ్లినవే. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేరాకైనా నోచుకోవాలి.

ఇక విశాఖ బీచ్ రోడ్డు మీద 2017 డిసెంబర్ నుంచి నిలబడి ఉన్న టీయూ-142 నౌకాదళ గస్తీ విమానం, రష్యన్ టీయూ-95 బాంబర్ నుంచి పుట్టినదే. అది నీళ్లలో మునగలేదు గానీ రోజంతా ఉప్పుగాలిలోనే ఉంటుంది. అలాంటి విమానానికి కావలసింది రంగు ఒక్కటే కాదు. మంచినీళ్లతో క్రమం తప్పకుండా కడగాలి. పొట్ట కింద నీళ్లు కారిపోయే చిల్లులు మూసుకుపోకుండా చూడాలి. రేకు మీద రేకు ఎక్కిన అతుకుల దగ్గర రంగు ఉబ్బిందా, రివెట్ చుట్టూ తెల్లపొడి కనిపిస్తోందా అని ఏడాదికోసారైనా నిపుణులు దగ్గరగా చూడాలి. అతుకు లోపల మొదలైన నష్టం రంగు కిందే పాకుతుంది. ఉబ్బు కనపడిన రోజునే అక్కడ రంగు గీకి, ఉప్పు కడిగి, ఆరబెట్టి మళ్లీ పూత వేస్తే రేకు దక్కుతుంది.